రాయవేలూరి డాక్టరమ్మ : ఐడా సోఫియా స్కడ్డర్

ప్రతిదినం తెల్లవారుజామున మా నగరి బస్టాండులో ఒక దృశ్యం కానవస్తుంది. చేతిలో ఎక్స్‌రే కవరు, భుజాన గుడ్డసంచి, సంచిలో రెండు జతల బట్టలు, ముఖాన నిద్రలేమి - ఇట్టివారు నలుగురైదుగురైనా బస్సు కొరకు వేచి ఉంటారు. వారిలో మగ్గం మీద బతికేవారుంటారు, చెరకు రైతులుంటారు, మామిడితోటల్లో కూలికి పోయేవారుంటారు. ఎక్కడికని వారిని అడుగనక్కరలేదు. రాయవేలూరు పెద్దాసుపత్రికి. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పోవడం, ప్రాణం మీదికి వస్తే రాయవేలూరుకు పోవడం మన ప్రాంతపు ఆచారం. తెలుగువాడైనా, తమిళుడైనా, ఉర్దూ మాట్లాడేవాడైనా ఈ ఆచారానికి భేదం లేదు.

ఆ ఆసుపత్రి పేరు ఎరుగనివారు మన కళాశాలలో లేరు. దానిని నిలిపిన వనిత జీవితాన్ని ఎరిగినవారు మాత్రం కొద్దిమందే. ఈ సంచికలో ఆమె చరిత్రను మా విద్యార్థినీ విద్యార్థుల ఎదుట ఉంచదలచాము. ఆమె వైద్యురాలిగా జగద్విఖ్యాతి గాంచారు. కాని మేము ఆమెను ముఖ్యంగా నర్సులకు గురువుగా స్మరింపదలచాము. అందుకు కారణం ఈ వ్యాసం చివరకు వచ్చేసరికి పాఠకులకే బోధపడగలదు.

ఐడా సోఫియా స్కడ్డర్ 1870వ సంవత్సరం డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో జన్మించారు. రాణిపేట నాడు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. నేటి చిత్తూరు కూడ ఆ జిల్లాలోని ఊరే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు మనకూ ఆమె జన్మస్థలానికీ జిల్లా ఒక్కటే. ఆమె తాతగారైన జాన్ స్కడ్డర్ అమెరికా దేశపు వైద్యుడు. 1819లో స్వదేశం విడిచి ముందు సింహళానికి, పిమ్మట మద్రాసుకు వచ్చి మతప్రచారంతో పాటు వైద్యం చేసినవాడు. ఆయన సంతానంలో పలువురు ఇదే వృత్తిని అవలంబించారు. ఐడా తండ్రిగారి పేరు కూడ జాన్ స్కడ్డరే. ఆయన కూడ వైద్యుడే. తల్లి పేరు సోఫియా.

ఇట్టి కుటుంబంలో పుట్టిన పిల్ల ఆ బాటనే నడవడం సహజమని మనం తలపోస్తాము. వాస్తవం అందుకు విరుద్ధం. 1876 నుండి 1878 వరకు దక్షిణదేశాన్ని భీకరమైన కరువు పీడించింది. లక్షలాది ప్రజలు ఆకలితోను, ఆకలి వెంట వచ్చిన రోగాలతోను మరణించారు. పట్టుమని ఏడేండ్లు నిండని ఐడా, తినే శక్తి కూడ నశించిన పిల్లల నోటికి రొట్టెముక్కలు అందించిన రోజులవి. ఆ లేత మనస్సుపై ఆ దృశ్యాలు చెరగని ముద్ర వేశాయి. ఈ దేశం పట్ల ఆమెకు జాలి కలిగింది; భయం అంతకంటె ఎక్కువగా కలిగింది. కుటుంబం అమెరికాకు తరలిన పిమ్మట తల్లిదండ్రులు మరల భారతదేశం చేరుకోగా, బాలిక అక్కడే బంధువుల చెంత పెరిగింది. తల్లిదండ్రుల ఎడబాటు ఆమెను మరింత బాధించింది. పెద్దయిన పిదప తాను ఈ దేశం ముఖం చూడరాదని, అమెరికాలోనే గృహస్థురాలై సుఖంగా జీవించాలని నిశ్చయించుకున్నారు.

1890లో తల్లికి తీవ్రమైన అనారోగ్యం కలిగినదని కబురు అందింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని నార్త్‌ఫీల్డ్ బాలికల పాఠశాలలో చదువు ముగించిన ఐడా, తల్లికి సేవ చేసి తిరిగి వెళ్లిపోవాలనే తలంపుతో తిండివనంలోని తండ్రిగారి బంగళాకు చేరారు. కొంతకాలానికి, ఆమె జీవితాన్ని మార్చివేసిన రాత్రి అక్కడనే గడిచింది.

ఆ రాత్రి ఆ ఇంటి తలుపు మూడు పర్యాయాలు తట్టబడింది. మొదట వచ్చినవాడు బ్రాహ్మణ యువకుడు. చిన్నవయసు భార్య ప్రసవవేదనతో మరణావస్థలో ఉన్నది. ఐడా తనకు వైద్యం రాదని, తండ్రిగారు వైద్యులని, ఆయనను వెంట తీసుకొని పొమ్మని చెప్పారు. పరపురుషుడు భార్యను తాకడం ఆ యువకునికి అంగీకారం కాలేదు. అతడు తలవంచుకొని వెళ్లిపోయాడు. కొంతసేపటికి మరొకడు వచ్చాడు. అతడు ముస్లిం. అతని ఇంటిలోనూ అదే ఆపద, అతని నోటను అదే నిరాకరణ. మూడవవాడు వేరొక ఉన్నత కులపు హిందువు. అతడూ అట్లే వచ్చి అట్లే వెడలిపోయాడు. ఐడాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లవారి విచారింపగా ముగ్గురు స్త్రీలు కూడ మరణించారని తెలిసింది.

ఆ మూడు ఇండ్లలో రెండవది మన ఇల్లని మేము విద్యార్థులకు జ్ఞాపకం చేయదలచాము. ఆ భర్త క్రూరుడు కాడు. భార్యపై ప్రేమ లేనివాడు అర్ధరాత్రి పరాయి మతస్థుల గుమ్మం ఎక్కడు. అతనికి కావలసినది స్త్రీ వైద్యురాలు. ఆమె లేదు. లేకపోవడానికి కారణం, ఏ ఇల్లూ తన ఆడపిల్లను ఆ విద్యకు పంపకపోవడమే. తన ఇంటి స్త్రీని పరాయి స్త్రీయే తాకాలి, తన ఇంటి స్త్రీ మాత్రం పరాయివారిని తాకరాదు - ఈ రెండు నియమాలు ఒకే ఇంటిలో నిలిచినప్పుడు, వాటి నడుమ చిక్కి మరణించేది ఆ ఇంటి స్త్రీయే. ఇది హిందువుల ఇండ్లలోను, మన ఇండ్లలోను సమానంగా జరిగిన అన్యాయం.

ఐడా నిర్ణయం మారింది. అమెరికాకు తిరిగి వెళ్లారు. స్థిరపడడానికి కాదు, వైద్యం అభ్యసించడానికి. 1895లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరి, స్త్రీలకు అప్పుడే ప్రవేశం కల్పించిన న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాలకు మారి, 1899లో పట్టా పొందారు.

ఆమె చదివిన కాలాన్ని గమనించాలి. అర్ధ శతాబ్దానికి పూర్వం, 1847లో, వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు బాలింతల మరణాలకు వైద్యుల చేతులే కారణమని కనుగొన్నాడు. శవపరీక్ష చేసిన చేతులతోనే వైద్యులు ప్రసవాలు చేసేవారు. క్లోరిన్ కలిసిన సున్నపునీటితో చేతులు కడిగించగానే మరణాలు గణనీయంగా తగ్గాయి. తోటివారు అతనిని గౌరవించలేదు సరికదా, అపహసించారు. తరువాత పాశ్చర్ సూక్ష్మజీవులను గూర్చి వివరించడం, 1867లో లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుద్ధిచేసే పద్ధతిని ప్రకటించడం జరిగాయి. 1860లో ఫ్లారెన్సు నైటింగేలు పేరిట లండనులో నర్సుల పాఠశాల వెలసింది. ఐడా వైద్యవిద్యార్థినిగా ఉన్న నాటికి పరికరాలను మరగబెట్టడం, చేతులను రుద్ది కడగడం శస్త్రచికిత్సకు ప్రథమ పాఠాలైనాయి. ఆమె మనదేశానికి మోసుకొని వచ్చిన సంపదలో మందులకంటె ఈ పాఠం విలువైనదని మా అభిప్రాయం.

ఆమె వెంట కొంత ధనం కూడ వచ్చింది. మన్‌హాటన్‌లోని షెల్ అనే బ్యాంకు ప్రముఖుడు తన దివంగత భార్య స్మృత్యర్థం 10,000 డాలర్లు విరాళమిచ్చాడు. 1900వ సంవత్సరం జనవరి 1వ తేదీన ఐడా భారతభూమిపై తిరిగి అడుగిడారు. తండ్రిగారి వద్ద కొన్ని సంవత్సరాలు పనిచేసి అనుభవం గడించాలని ఆమె ఆశ. విధి మరొక విధంగా తలచింది. అదే సంవత్సరం తండ్రిగారు కన్నుమూశారు. ముప్పదియేండ్లైనా నిండని యువతి ఒంటరిగా రాయవేలూరులో చిన్న వైద్యశాల తెరవవలసివచ్చింది. తొలి దినాలలో రోగులే రాలేదు. క్రమంగా ఒకరిని చూచి ఒకరు రాసాగారు. రెండు సంవత్సరాలలో ఆమె చూచిన రోగుల సంఖ్య 5,000 అని చెబుతారు. 1902లో 40 పడకలతో మేరీ టేబర్ షెల్ స్మారక ఆసుపత్రి ప్రారంభమైనది.

ఇక మన ముఖ్యవిషయానికి వస్తున్నాము. ఆసుపత్రికి గోడలు లేచాయి, వైద్యురాలు ఉన్నది, మందులున్నాయి. లేనిది ఒక్కటే - రాత్రి పడక ప్రక్కన మెలకువతో కూర్చుండే శిక్షితురాలు. శస్త్రచికిత్స ఒక గంటలో ముగుస్తుంది. దాని ఫలితం తరువాతి పది దినాలలో తేలుతుంది. ఆ పది దినాలూ గాయపు కట్టు ఎవరు మారుస్తారు, ఏ చేతితో మారుస్తారు, ఒక రోగిని తాకిన చేయి కడుగకనే రెండవ రోగిని తాకుతుందా - ఇవి వైద్యురాలి చేతిలో లేని విషయాలు. తొలి సంవత్సరాలలో వైద్యశాస్త్రపు గంధమైనా ఎరుగని స్థానిక స్త్రీలను చేరదీసి, పని చేయిస్తూనే పని నేర్పుతూ ఐడా ఆసుపత్రిని నడిపించారు. ఈ విధంగా ఎంతోకాలం సాగదని గ్రహించి 1909లో నర్సుల శిక్షణ పాఠశాలను స్థాపించారు.

ఈ వాక్యం వ్రాయడం సులభం. ఆ పని జరగడం సులభం కాలేదు. నాటి సంఘంలో ఆడపిల్ల గడప దాటడమే అపూర్వం. దాటినా, పరాయివారి నెత్తురు, చీము, మలమూత్రాలు తాకే పని కులం తక్కువవారిదని నమ్మకం. అంటు, మైల అనే మాటలు మన సమాజానికి కొత్తవి కావు. కాని ఆ మాటల అర్థం కులాన్ని బట్టి ఉండేది, చేతి శుభ్రతను బట్టి ఉండేది కాదు. నర్సుల పాఠశాల ఆ అర్థాన్ని తలక్రిందులు చేసింది. కడుగని చేయి ఏ కులపుదైనా మైలే. కడిగిన చేయి ఏ కులపుదైనా పవిత్రమే. తొలి విద్యార్థినులు అధికంగా క్రైస్తవ బాలికలు కావడంలో ఆశ్చర్యం లేదు. తక్కిన మతాలవారు తమ రోగులను పంపారు గాని తమ బిడ్డలను పంపలేదు.

ఐడా ఆసుపత్రి గోడల నడుమ ఆగిపోలేదు. రాయవేలూరుకు 20 మైళ్లకు పైబడిన దూరంలో గుడియాత్తం అనే ఊరు కలదు. వారానికొక పర్యాయం ఆమె అక్కడికి బండిలో వెళ్లి వైద్యం చేసేవారు. దారి పొడుగునా గ్రామస్థులు చెట్ల క్రింద గుమిగూడి బండిని ఆపేవారు. క్రమంగా ఆ చెట్ల నీడలే వైద్యశాలలైనాయి. 1909లో ఆమెకు ఒక చిన్న ప్యూజో మోటారు కారు లభించింది. మొదటిసారి ఆ వాహనం చూచి పల్లెజనులు భూతమని పరుగెత్తారట. తరువాత ఆ శబ్దం వినబడితే చాలు, తల్లులు పిల్లలను చంకన పెట్టుకొని దారికి వచ్చేవారు. గజ్జి, కండ్లకలక, చీముపట్టిన పుండ్లు - నూటికి తొంబది వ్యాధులు శుభ్రతకు లొంగేవే. ఆ చెట్ల క్రింద ఆమె వెంట నిలిచి పుండ్లు కడిగినవారు, కట్లు కట్టినవారు, తల్లులకు బిడ్డ కన్ను తుడిచే విధం చూపినవారు నర్సులే.

1918వ సంవత్సరం ఆగస్టు 12వ తేదీన స్త్రీల వైద్య పాఠశాల ప్రారంభమైంది. ఈ దేశపు ఆడపిల్లలు వైద్యం చదవడానికి ముందుకు రారని ప్రభుత్వ వైద్యాధికారులు సందేహించారు. తొలి సంవత్సరమే 151 దరఖాస్తులు వచ్చాయి. తొలి బృందం 1922లో చదువు ముగించుకొని బయటకు వచ్చింది. ఆ తరువాత విరాళాల కొరకు ఐడా మరల మరల అమెరికాలో ఊరూరా తిరిగారు. 1942లో పాఠశాల పట్టభద్ర స్థాయికి ఎదిగింది. 1947లో పురుష విద్యార్థులకు కూడ ప్రవేశం లభించింది.

తెలుగువారు గర్వింపదగిన ఒక సంగతి ఇక్కడ చెప్పవలసి ఉన్నది. ఐడా అనంతరం ఆ సంస్థకు డైరెక్టరు పదవి నధిష్ఠించిన తొలి భారతీయురాలు డాక్టర్ హిల్డా మేరీ లాజరస్. ఆమె 1890లో విశాఖపట్టణంలో జన్మించిన వనిత. ప్రసూతి వైద్యంలో నిపుణురాలు. నర్సులకు, మంత్రసానులకు శిక్షణ ఇవ్వడంలో జీవితంలో అధికభాగం గడిపారు.

1946లో నర్సుల పాఠశాల కళాశాలయై, మద్రాసు విశ్వవిద్యాలయం అనుబంధంతో నర్సింగులో పట్టభద్ర విద్య ప్రారంభమైంది. మనదేశంలో అటువంటి తొలి కోర్సులలో అదొకటి. మేము బి.ఏ., ఎం.ఏ. పట్టాలను గౌరవించే సమాజంలో పెరిగాము. రోగి పడక ప్రక్కన నిలిచే విద్యకు కూడ విశ్వవిద్యాలయం గౌరవం ఇవ్వవచ్చునని నిరూపించిన ఘటనగా దానిని మేము భావిస్తాము.

అదే సంవత్సరం ఐడా పదవీ విరమణ గావించి కొడైకెనాల్ కొండలలో నివసించారు. డాక్టర్ ఐడా, ఇండియా అని మాత్రమే చిరునామా వ్రాసిన ఉత్తరం ఆమెకు చేరినదని చెప్పుకొంటారు. 1960వ సంవత్సరం మే 24వ తేదీన, 89 ఏండ్ల వయసులో, ఆమె పరమపదించారు. వివాహం చేసుకొనలేదు. 2000లో భారత తపాలాశాఖ ఆమె స్మారకంగా తపాలాబిళ్ల వెలువరించింది. ఆమె స్థాపించిన సంస్థకు మన చిత్తూరు చెంత రామాపురంలో ఒక శాఖ కూడ వెలసింది.

ఆమె మతప్రచార సంస్థ పక్షాన వచ్చినవారు. ఆమె విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. ఆ సంగతి దాచవలసిన పనిలేదు. కాని ఒక శతాబ్దానికి పైగా మన ప్రాంతపు ముస్లింలు ఆ ఆసుపత్రి పడకలపై స్వస్థత పొంది ఇంటికి వచ్చారు. ఉపకారాన్ని ఉపకారమని ఒప్పుకొనడం విశ్వాసానికి లోటు కాదు.

ఇంతవరకు చరిత్ర. ఈ చరిత్రను ఈ సంవత్సరమే వ్రాయడానికి మమ్ము ప్రేరేపించిన అనుభవం ఒకటున్నది.

గత వర్షాకాలంలో మా చెల్లెలి కుమారుడు, ఏడేండ్లవాడు, చెరకుతోట ప్రక్కనున్న ఇంటిలో నేలపై నిద్రిస్తుండగా కట్లపాము కరచింది. కట్లపాము కాటు నొప్పి తెలియనీయదు. తెల్లవారేసరికి వాని కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా మారింది, శ్వాస తేలిపోసాగింది. ఒక నగరంలోని ఆసుపత్రికి చేర్చగా విషానికి విరుగుడు ఇచ్చి, వెంటిలేటర్ అమర్చారు. వైద్యులు మాకు విషయం వివరించారు. పిల్లవాని ఊపిరితిత్తులు ఆరోగ్యంగానే ఉన్నాయి. ఊపిరి తీసే కండరాలు మాత్రం విషం చేత చచ్చుబడినవి. కొన్ని దినాలు గడిస్తే కండరాలు తామే కోలుకుంటాయి. అంతవరకు యంత్రం ఊపిరి పోయాలి. అంతవరకు ఊపిరితిత్తులకు వ్యాధి సోకకుండ కాపాడాలి.

ఈ యంత్రం వెనుక కూడ చరిత్ర ఉన్నది. 1952లో కోపెన్‌హాగెన్ నగరంలో పోలియో ప్రబలినప్పుడు, శ్వాస ఆగిన పిల్లల గొంతులోనికి గొట్టం అమర్చి, వందలాది వైద్య విద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్లు రబ్బరు సంచిని చేతితో నొక్కి ఊపిరి పోశారు. నేటి ఇంటెన్సివ్ కేర్ వార్డులకు మూలం ఆ చేతులే. చేతులు చేసిన పని పిదప యంత్రం చేయసాగింది. కాని యంత్రానికి ఒక లోపం తప్పదు. మన ముక్కు గాలిని వడగడుతుంది; దగ్గు మలినాన్ని వెలికి నెడుతుంది. గొంతులో గొట్టం ఉన్న బిడ్డకు ఈ రెండు రక్షణలూ లేవు. నోటిలోని ఊట గొట్టం ప్రక్కగా జారి లోనికి దిగుతుంది. గొట్టం లోపలి అంచున సూక్ష్మజీవులు పొరగా పేరుకుంటాయి. ప్రాణం నిలిపే ఆ దారియే న్యుమోనియాకు కూడ దారి అవుతుంది. ఊపిరాడక కాక, ఊపిరి పోసిన గొట్టం వెంట వచ్చిన వ్యాధి చేత బిడ్డ పోవచ్చును.

దీనిని నివారించే పద్ధతులు వినడానికి అతి సామాన్యమైనవి. వద్దని వైద్యులు చెప్పిన సందర్భాలలో తప్ప, బిడ్డ తలవైపు పడకను 30 నుండి 45 డిగ్రీల వరకు ఎత్తి ఉంచాలి. నోటిని క్రమం తప్పక శుభ్రం చేయాలి. గొట్టాలలో చేరిన నీరు బిడ్డవైపు ఒలకకుండ తొలగించాలి. ఊటను పీల్చి తీసేటప్పుడు సూక్ష్మజీవులు లేని సాధనాన్నే వాడాలి. గొట్టం ఇంకా అవసరమా అని ప్రతిదినం ప్రశ్నించుకోవాలి. వీటన్నిటికంటె ముందు, బిడ్డను తాకడానికి మునుపు, శుభ్రత అవసరమైన పనికి మునుపు, ఊట నెత్తురు అంటిన పిమ్మట, బిడ్డను తాకిన పిమ్మట, పడక పరిసరాలను తాకిన పిమ్మట చేతులను శుద్ధిచేసుకోవాలి. ప్రపంచ ఆరోగ్యసంస్థ బోధించే అయిదు సందర్భాలివి. సబ్బుతోనైతే 40 నుండి 60 సెకండ్లు, ఆల్కహాలు ద్రావకంతోనైతే 20 నుండి 30 సెకండ్లు పడుతుంది. ఒక నర్సు ఒక్క రాత్రిలో ఎన్ని పర్యాయాలు ఈ పని చేయవలసివస్తుందో ఊహించుకొనండి. తెల్లవారుజామున మూడు గంటలకు, కన్నులు మూతపడుతుండగా, ఎవరూ చూడని వేళ కూడ చేయాలి. అందుకే ఈ శిక్షణ ఒక ఉపన్యాసంతో ముగియదు. చేసి చూపాలి, చేయించి చూడాలి, తప్పు దిద్దాలి, కొన్ని నెలలకు మరల మొదటినుండి నేర్పాలి. నేర్చినది మరపుకు రావడం మనుష్య స్వభావం.

ఒకనాడు అసర్ నమాజు ముగించి పిల్లవానిని చూడవెళ్లాము. వుజూ చేసిన చేతులు కదా, శుభ్రమే అని మా ధీమా. నర్సు మమ్ము గుమ్మం వద్దనే ఆపి, చేతులు కడిగి రమ్మన్నారు. మాకు కించిత్తు కోపం కలిగింది. కడిగిన చేతులేనని చెప్పాము. ఆమె వినయంగానే, కడిగిన తరువాత మేము తలుపు పిడిని, ఫోనును, చెప్పులను తాకిన సంగతి గుర్తుచేశారు. మేము మారుపలుకక కుళాయి వద్దకు వెళ్లాము. విద్యార్థులకు పాఠాలు చెప్పే మాకు, మా విద్యార్థినుల వయసుకు నాలుగైదేండ్లు మాత్రమే పెద్దదైన అమ్మాయి చెప్పిన పాఠం అది.

ఆరవనాడు పిల్లవాడు వ్రేళ్లు కదిపాడు. ఎనిమిదవనాడు గొట్టం తీశారు. నేడు వాడు బడికి పోతున్నాడు. ప్రక్క పడకపై మరొక బిడ్డ ఉండేది. అయిదవనాడు ఆ బిడ్డకు జ్వరం వచ్చింది. ఊపిరితిత్తులలో చీము చేరిందన్నారు. ఆ బిడ్డ తిరిగి ఇంటికి పోలేదు. అందుకు ఎవరి దోషం కారణమో మేమెరుగము. బహుశా ఎవరి దోషమూ కాకపోవచ్చును. ఎంత జాగ్రత్తగా ఉన్నా కొన్ని ప్రాణాలు దక్కవు. కాని ఆ తల్లి శోకం విన్న పిమ్మట, చేతులు కడగడం చిన్న విషయమని మేము ఎన్నడూ అనలేము.

మన విద్యార్థినులలో బైపీసీ చదివి ఉత్తీర్ణురాలైన ఒక బాలిక నర్సింగులో చేరాలని కోరి మా సలహా అడిగింది. మరమగ్గం పని చేసే ఆమె తండ్రిగారు ఒప్పుకొనలేదు. మేము వారి ఇంటికి వెళ్లి మాట్లాడాము. ఆయన అభ్యంతరాలు మూడు - రాత్రి డ్యూటీలు, పరాయి పురుషులను తాకడం, రేపు సంబంధాలు రాకపోవడం. ఆయనను మేము నిందింపలేము. కుమార్తె క్షేమం కోరే తండ్రి మాటలే అవి. మేము ఆయనకు మూడు సంగతులు మనవి చేశాము. ప్రవక్త కాలంలోనే రుఫైదా అనే సహాబియా మదీనా మసీదు చెంత గుడారం వేసి యుద్ధంలో గాయపడినవారికి చికిత్స చేశారని, సాద్ బిన్ ముఆజ్ వంటి మహనీయునికి ఉపచారం జరిగినది ఆ గుడారంలోనే అని చెప్పాము. తిండివనంలో ఆ రాత్రి తలుపు తట్టిన ముస్లిం యువకుని కథ చెప్పాము. మా మేనల్లుని పడక ప్రక్కన ఎనిమిది రాత్రులు మేల్కొన్న అమ్మాయిని గూర్చి చెప్పాము. ఆయన చాలసేపు మౌనంగా ఉండి, ఇంటిలోని పెద్దలతో ఆలోచించి తెలుపుతానన్నారు. ఈ వ్యాసం ముద్రణకు వెళ్లేనాటికి వారి నుండి సమాధానం రాలేదు. దరఖాస్తు గడువు ఇంకా కొన్ని దినాలున్నది.

కళాశాల కమిటీవారికి ఈ సందర్భంలో మా విన్నపం రెండు మాటలలో ముగుస్తుంది. రాబోయే విద్యాసంవత్సరంలో తల్లిదండ్రుల సమావేశానికి ఉద్యోగంలో ఉన్న ఒక ముస్లిం నర్సును, వీలైతే ఆమె తల్లిదండ్రులను కూడ, ఆహ్వానింపవలెను. మేము వంద మాటలు చెప్పినా, కుమార్తెను పంపి పశ్చాత్తాపపడని ఒక తండ్రి చెప్పే ఒక్క మాటకు సరిగావు. నర్సింగు కోర్సులో సీటు పొందిన మన విద్యార్థినికి మొదటి సంవత్సరపు హాస్టలు ఖర్చులో కొంత భాగమైనా సహాయనిధి నుండి ఇప్పించవలెను. ఇవి పెద్ద పనులు కావు. రాయవేలూరులో 1909లో జరిగినది కూడ మొదటినాడు పెద్ద పనిగా ఎవరికీ కనిపించి ఉండదు.

విద్యార్థినీ విద్యార్థులారా! ఐడా స్కడ్డర్ జీవితం చదివి మీలో ప్రతి ఒక్కరూ వైద్యులు కావాలని మేము కోరడం లేదు. ఆమె గొప్పతనం తాను ఒక్కతె చేయలేని పనిని గుర్తించి, దానిని చేయగల చేతులను తయారు చేయడంలో ఉన్నది. ఆమె కన్నుమూసి ఆరు దశాబ్దాలు దాటినది. ఆమె నేర్పిన చేతులు మరి కొన్నింటికి నేర్పాయి. అవి ఇంకా కొన్నింటికి నేర్పుతున్నాయి. రేపు తెల్లవారుజామున నగరి బస్టాండులో ఏదో ఒక తల్లి బిడ్డను భుజాన వేసుకొని రాయవేలూరు బస్సు ఎక్కుతుంది. ఆ బిడ్డ పడక ప్రక్కన ఆ రాత్రి మెలకువతో నిలిచే చేతులలో మన కళాశాల విద్యార్థిని చేతులు కూడ ఉండాలని మా కోరిక.